యాంటీవైరస్ వద్దంటోంది, ఫైల్ కావాలి: ఎలా తేల్చుకోవాలి?

పెద్ద ఫైల్ ఒకటి గంటసేపు డౌన్‌లోడ్ అయి, పూర్తయిన మరుక్షణమే యాంటీవైరస్ దాన్ని మాయం చేస్తే ఎవరికైనా చిరాకే. ఆ చిరాకులో కొందరు యాంటీవైరస్ ఆపేసి మళ్లీ డౌన్‌లోడ్ పెడతారు. ఇంకొందరు భయపడిపోయి కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ చేయించేస్తారు. చాలాసార్లు ఈ రెండూ అక్కర్లేదు. ఆ హెచ్చరికలోనే చదివి అర్థం చేసుకోదగ్గ సమాచారం బోలెడు ఉంటుంది. ఫైల్ ఎక్కడి నుంచి వచ్చింది, హెచ్చరికలో ఏ పేరు ఉంది, ఆ పేరుతో ఇంకెవరు ఏకీభవిస్తున్నారు అనే మూడు సంగతులు చూస్తే ఎక్కువ కేసులు పది నిమిషాల్లో తేలిపోతాయి. విండోస్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మిగతా సిస్టమ్‌ల మాట అవసరమైన చోట చెప్తాను.

డౌన్‌లోడ్ మేనేజర్‌తోనే మొదలుపెట్టండి

డౌన్‌లోడ్ మేనేజర్ చేసే పని సింపుల్. ఫైల్ మొత్తాన్ని ఒకేసారి అడగకుండా, ఫలానా బైట్ నుంచి ఫలానా బైట్ వరకు పంపమని సర్వర్‌ను ముక్కలు ముక్కలుగా అడుగుతుంది. సర్వర్ అందుకు ఒప్పుకుంటే 206 అనే కోడ్‌తో ఆ ముక్క పంపిస్తుంది. ఇలా నాలుగైదు ముక్కలు ఒకేసారి దించి, చివర్లో కలిపి ఒక ఫైల్ చేస్తుంది. మధ్యలో నెట్ పోయినా ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టగలిగేది ఇందువల్లే. ముక్కలుగా పంపడానికి సర్వర్ ఒప్పుకోకపోతే ఎంత ఖరీదైన మేనేజర్ పెట్టినా మొదటి నుంచి దించుకోవాల్సిందే. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. నెట్ నిలకడగా ఉండి, దించేవన్నీ చిన్న ఫైళ్లే అయితే ఇప్పటి బ్రౌజర్‌లు చాలు. అవసరం లేని ప్రోగ్రామ్ ఒకటి తక్కువ ఉంటే అంత మంచిది.

ఐడీఎం అని అందరూ పిలిచే ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్ విండోస్‌కు మాత్రమే దొరుకుతుంది. ట్రయల్ అయిపోయాక డబ్బు కట్టాలి. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్, జేడౌన్‌లోడర్ ఉచితం. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు ఏరియా2 ఉంది, అది ఓపెన్ సోర్స్. డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే ఉచితమైనవాటిలో ఒకటి ఎంచుకోండి. ఐడీఎం క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన దొంగ కాపీ) కోసం మాత్రం వెతకొద్దు. సురక్షితంగా డౌన్‌లోడ్ చేసుకోవడానికి పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌నే దొంగ సైటు నుంచి తెచ్చుకుంటే ఆ తర్వాత తీసుకునే జాగ్రత్తలన్నీ వృథా. పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌లు వచ్చే ప్రధానమైన దారుల్లో ఈ క్రాక్‌లు ఒకటి.

అసలు సైటు నుంచే తీసుకున్నా ఒక కన్నేసి ఉంచాలి. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ సైటునే తీసుకోండి. 2020 నుంచి 2022 మధ్య, లినక్స్ ప్యాకేజీ కోసం వచ్చినవాళ్లలో కొందరిని ఆ సైటు వేరే చిరునామాకు మళ్లించింది. అక్కడ దొరికిన ప్యాకేజీలో పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వ్యాలెట్ ఫైళ్లు ఎత్తుకెళ్లే ప్రోగ్రామ్ ఉంది. ఈ సంగతిని యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ 2023 సెప్టెంబర్‌లో బయటపెట్టింది. అక్కడికి వెళ్లిన అందరికీ ఇలా జరగలేదు, అందుకే అంతకాలం ఎవరూ పట్టుకోలేకపోయారు. కాబట్టి డౌన్‌లోడ్ బటన్ ఏ సైటులో ఉందో చూస్తే సరిపోదు, ఫైల్ నిజంగా ఏ చిరునామా నుంచి వచ్చిందో చూడాలి. బ్రౌజర్‌లో కంట్రోల్, జే కలిపి నొక్కితే డౌన్‌లోడ్‌ల జాబితా వస్తుంది. అక్కడ గానీ, డౌన్‌లోడ్ మేనేజర్‌లో ఆ ఫైల్ ప్రాపర్టీస్‌లో గానీ అసలు లింక్ కనిపిస్తుంది. సైటు పేరుకూ లింక్‌లోని పేరుకూ పొంతన లేకపోతే ఆగి, ఆ రెండో పేరు ఎవరిదో తెలుసుకోండి. పెద్ద ప్రాజెక్టులు ఫైళ్లను గిట్‌హబ్‌లోనో, సోర్స్‌ఫోర్జ్‌లోనో పెట్టడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. ఎప్పుడూ వినని పేరు వస్తేనే అనుమానించాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'కస్టమ్' ఎంచుకుని, ప్రతి స్క్రీన్‌లో టిక్‌లు చూసుకుంటూ వెళ్లండి. ఉచిత ప్రోగ్రామ్‌ల ఇన్‌స్టాలర్లలో వేరే కంపెనీల టూల్‌బార్లు, 'క్లీనర్లు' కలిపి ఇవ్వడం పాత అలవాటే.

మీ మేనేజర్ దించే ఫైళ్లను యాంటీవైరస్ నిజంగా చూస్తోందా?

దీన్ని ఒక్కసారైనా పరీక్షించి చూడాలి. యాంటీవైరస్‌లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికే తయారుచేసిన ఐకార్ టెస్ట్ ఫైల్ ఒకటుంది. 68 అక్షరాల చిన్న ఫైల్ అది, ఏ హానీ చేయదు. కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గానే పట్టుకోవాలని ఒక ఒప్పందం. ఐకార్ సైటు నుంచి దాన్ని మీ డౌన్‌లోడ్ మేనేజర్‌తోనే దించండి. హెచ్చరిక వచ్చిందంటే అంతా బాగున్నట్టే. రాకపోతే రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆగి ఉండొచ్చు, లేదంటే స్పీడ్ కోసం ఎప్పుడో ఎవరో డౌన్‌లోడ్ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెట్టి ఉండొచ్చు. బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలూ ముందు దిగేది ఆ ఫోల్డర్‌లోనే. దాన్ని స్కాన్ చేయొద్దని చెప్పడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎక్స్‌క్లూజన్ వెంటనే తీసేయండి.

ఇంకో విషయం చాలామంది గమనించరు. బ్రౌజర్‌తో దించిన ఫైల్‌కు 'ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది' అని విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు ఉంటేనే, ఫైల్ తెరిచేటప్పుడు విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ అనే రక్షణ దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతుంది. కొన్ని డౌన్‌లోడ్ టూల్స్ ఈ గుర్తు పెట్టవు. మీది పెడుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. దించిన ఇన్‌స్టాలర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. జనరల్ ట్యాబ్‌లో అన్నిటికన్నా కింద, ఈ ఫైల్ వేరే కంప్యూటర్ నుంచి వచ్చిందన్న వాక్యం, పక్కన 'అన్‌బ్లాక్' అనే టిక్ బాక్స్ ఉంటే గుర్తు ఉన్నట్టు. లేకపోతే, ఆ ఫైల్ విషయంలో స్మార్ట్‌స్క్రీన్ ఏమీ అనకపోవడాన్ని క్లీన్ చిట్‌గా తీసుకోకండి. దాన్ని అసలు ఎవరూ అడగలేదు.

హెచ్చరిక వచ్చింది. మాట్లాడుతున్నది ఎవరు?

ముందుగా టెన్షన్ తగ్గించే మాట ఒకటి. డౌన్‌లోడ్ అవుతుండగానే యాంటీవైరస్ పట్టుకుని, ఆ ప్రోగ్రామ్‌ను మీరు ఒక్కసారి కూడా తెరవకపోతే, సాధారణంగా నష్టమేమీ జరిగి ఉండదు. ఫైల్ క్వారంటైన్‌లో, అంటే నడవడానికి వీల్లేకుండా విడిగా ఉంది, అక్కడే ఉండనివ్వండి. తేల్చుకోవడానికి తొందరేమీ లేదు.

హెచ్చరికలన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ అవి వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. 'ఈ ఫైల్ సాధారణంగా ఎవరూ డౌన్‌లోడ్ చేయరు' అని బ్రౌజర్ అంటే, ఈ ఫైల్‌ను మేం పెద్దగా చూడలేదు అని మాత్రమే అర్థం. 'విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ' అనే నీలం స్క్రీన్ కూడా దాదాపు అంతే. డిజిటల్ సంతకం (తయారుచేసింది ఎవరో చెప్పే గుర్తు) లేని చిన్న ప్రోగ్రామ్‌లకూ, నిన్నగాక మొన్న విడుదలైన కొత్త వెర్షన్లకూ అది తరచుగా వస్తుంది. ఈ రెండూ పరిచయం లేదంటున్నాయంతే. ఫైల్‌లో ఫలానా చెడు కనబడిందని పేరు పెట్టి చెప్పేది మాత్రం యాంటీవైరస్. కాబట్టి పేరుతో వచ్చిన హెచ్చరికను ఎక్కువ సీరియస్‌గా తీసుకోవాలి.

విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో 'ప్రొటెక్షన్ హిస్టరీ'లోకి వెళ్లండి. అక్కడ రెండు విషయాలు రాసుకోండి: పట్టుకున్నదాని పేరు, ఫైల్ ఉన్న చోటు. చోటు ఎందుకంటే, కొన్నిసార్లు మీరు అనుకుంటున్న ఫైల్ వేరు, యాంటీవైరస్ పట్టుకున్న ఫైల్ వేరు. ఇన్‌స్టాలర్ తెరిచాక, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లో దొరికిందంటే, అసలు ప్రోగ్రామ్ మంచిదే అయ్యుండి, దాంతో అంటగట్టిన యాడ్‌వేర్ (ప్రకటనలు చూపించే ప్రోగ్రామ్) దొరికిపోయిందేమో. జిప్ లోపల ఒక్క ఫైలే పట్టుబడితే ఆ ఫైల్ పేరు కూడా అక్కడే ఉంటుంది.

పేరు చదవడం

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఎక్కువగా చూపించే పేర్లలో ఒకటి 'ట్రోజన్: విన్32/వకటక్.బి!ఎంఎల్'. మొదటి ముక్క రకం చెబుతుంది, రెండోది ఏ సిస్టమ్ మీద నడుస్తుందో, మూడోది వైరస్ కుటుంబం పేరు. చివర ఆశ్చర్యార్థకం తర్వాత ఉన్న 'ఎంఎల్' అన్నిటికన్నా ముఖ్యం. మెషీన్ లెర్నింగ్ మోడల్ ఫైల్ పోలికలు చూసి అంచనా వేసిందని దాని అర్థం. తెలిసిన వైరస్‌తో పోల్చి, అదే ఇది అని రుజువు చేసుకుని పెట్టిన పేరు కాదు. 'జెన్', 'జెనరిక్', 'హ్యూర్' వంటి ముక్కలున్న పేర్లు కూడా చాలావరకు ఈ కోవలోవే. అంచనా అన్నంత మాత్రాన తప్పని కాదు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. పైథాన్, ఆటోఇట్ వంటి ప్రోగ్రామింగ్ భాషల్లో రాసి ఒకే ఫైల్‌గా ప్యాక్ చేసిన చిన్న చిన్న టూల్స్ మాత్రం పాపం ఈ అంచనాలకు తరచుగా బలవుతుంటాయి. వైరస్‌లు రాసేవాళ్లూ అదే ప్యాకింగ్ వాడతారు మరి.

'పీయూఏ', 'పీయూపీ' అని వస్తే అది అక్కర్లేని ప్రోగ్రామ్ అని అర్థం. మీ పాస్‌వర్డ్‌లు దొంగిలించకపోవచ్చు గానీ ప్రకటనలు చూపిస్తుంది, బ్రౌజర్ సెట్టింగ్‌లు మారుస్తుంది. డౌన్‌లోడ్ మేనేజర్ల ఇన్‌స్టాలర్లకు ఎక్కువగా వచ్చే హెచ్చరిక ఇదే. దీన్ని పొరపాటు హెచ్చరిక అనడం సరికాదు. యాంటీవైరస్ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. అదే ప్రోగ్రామ్‌కు యాడ్‌వేర్ కలపని ఇన్‌స్టాలర్ గానీ, ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ వెర్షన్ గానీ ఉందేమో వెతకండి.

'హ్యాక్‌టూల్' అన్నది క్రాక్‌లకూ, దొంగ లైసెన్స్ కీలు తయారుచేసే కీజెన్‌లకూ వస్తుంది. 'క్రాక్ కాబట్టే అలా చూపిస్తోంది, పర్లేదు, అలవ్ చేసేయండి' అని చాలా చోట్ల సలహా ఇస్తుంటారు. ఈ సలహా వల్ల జరిగినంత నష్టం ఇంకే సలహా వల్లా జరిగి ఉండదని నా నమ్మకం. వట్టి క్రాక్‌కూ, లోపల దొంగను పెట్టుకొచ్చిన క్రాక్‌కూ ఒకే రకం హెచ్చరిక రావచ్చు, రెంటినీ విడదీసే దారి మీ చేతిలో లేదు. దీని మీద టైమ్ పెట్టకుండా తీసేయండి.

రెడ్‌లైన్, లుమ్మా, ఎమోటెట్ వంటి పేరుమోసిన వైరస్ కుటుంబం పేరు స్పష్టంగా కనిపించినా, 'స్టీలర్', 'రాన్సమ్' అన్న మాటలు కనిపించినా ఇక మిగతా పరీక్షలేవీ అక్కర్లేదు. తీసేయండి.

ఫైల్‌ను దగ్గర నుంచి చూడటం

పేరు అంచనా రకంగానే ఉంది, సైటు కూడా నమ్మదగిందే అనుకుందాం. ఇప్పుడు ఫైల్‌ను చూడాలి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఆన్ చేయండి. విండోస్ మామూలుగా వాటిని దాచిపెడుతుంది, 'పాట.ఎంపీ3.ఈఎక్స్ఈ' లాంటి పేరు మీకు 'పాట.ఎంపీ3' అని కనబడేది అందుకే. పాటో, పీడీఎఫ్ పుస్తకమో అడిగితే ఈఎక్స్ఈ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) వచ్చిందంటే అక్కడితో తేలిపోయినట్టే.

సైజు చూడండి. సైటులో 80 ఎంబీ అని ఉంటే మీకు వచ్చింది 2 ఎంబీ అయితే, అది అసలు ప్రోగ్రామ్ కాదు, దాన్ని తెచ్చిపెట్టే 'డౌన్‌లోడర్'. మరీ కొన్ని కేబీలే ఉంటే కారణం ఇంకా మామూలుది అయ్యుండొచ్చు. లాగిన్ కావాల్సిన సైటు నుంచి డౌన్‌లోడ్ మేనేజర్‌తో దించితే, దానికి మీ లాగిన్ కుకీ (మీరు లాగిన్ అయ్యారని బ్రౌజర్ దాచుకునే గుర్తు) అందక, ఫైల్ బదులు లాగిన్ పేజీయే ఆ పేరుతో సేవ్ అవుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే మొదటి లైన్లోనే హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తుంది. జిప్ తెరుచుకోక 'కరప్ట్' అన్నప్పుడు కూడా ముందు ఇది చూడండి.

తర్వాత హ్యాష్, అంటే ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది. మంచి ప్రాజెక్టులు డౌన్‌లోడ్ పేజీలోనే ఎస్‌హెచ్‌ఏ-256 అనే 64 అక్షరాల సంఖ్య ఇస్తాయి. మీ దగ్గరున్న ఫైల్‌కు అదే సంఖ్య వస్తే, వాళ్లు పెట్టిన ఫైలే ఒక్క బైట్ కూడా తేడా లేకుండా మీకు చేరిందన్నమాట. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, ఫైల్‌ను లాగి ఆ కిటికీలో వదిలి ఎంటర్ కొట్టండి. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్ ఉంది. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ వీడియో ప్రోగ్రామ్‌ను అందించే సర్వర్లలో ఒకదాంట్లోకి ఎవరో చొరబడి, మ్యాక్ వెర్షన్ స్థానంలో వైరస్ ఉన్న ఫైల్ పెట్టారు. అప్పుడు నిర్వాహకులు ఇచ్చిన సలహా కూడా ఇదే: మీ దగ్గరున్న ఫైల్ హ్యాష్ చూసుకోండి. అయితే హ్యాష్, ఫైల్ రెండూ ఒకే సైటులో ఉంటే, సైటులోకి చొరబడినవాడు రెండూ మార్చగలడన్నది గుర్తుంచుకోండి.

ప్రాపర్టీస్‌లో 'డిజిటల్ సిగ్నేచర్స్' ట్యాబ్ ఉంటే అందులో పేరు చూసి, 'డీటెయిల్స్' నొక్కి సంతకం సరైనదేనని రాసి ఉందో లేదో చూడండి. పెద్ద కంపెనీ ప్రోగ్రామ్‌కు సంతకం లేకపోతే అది పెద్ద అనుమానమే. సంతకం ఉంటే మంచిదే, కానీ పూర్తి భరోసా కాదు. 2017లో కంప్యూటర్ శుభ్రం చేసే సీక్లీనర్ ప్రోగ్రామ్ 5.33 వెర్షన్ కంపెనీ సొంత సంతకంతో, సొంత సైటు నుంచే వైరస్‌ను మోసుకొచ్చింది.

వైరస్‌టోటల్‌ను ఎలా అడగాలి

2004లో స్పెయిన్‌లో మొదలై, 2012లో గూగుల్ చేతికి వచ్చిన సర్వీస్ ఇది. ఒక ఫైల్‌ను దాదాపు 70 యాంటీవైరస్ ఇంజిన్లకు చూపించి ఎవరేమన్నారో ఒకేచోట పెడుతుంది. 650 ఎంబీ వరకు ఫైళ్లు ఇవ్వొచ్చు. ముందే హ్యాష్ తీసి ఉంటే అసలు అప్‌లోడ్ చేయక్కర్లేదు, సెర్చ్‌లో ఆ హ్యాష్ పెడితే చాలు. ఇంతకుముందు ఎవరైనా ఇచ్చి ఉంటే రిజల్ట్ వెంటనే వస్తుంది. మీ సొంత కాగితాలు, ఆఫీసు ఫైళ్లు మాత్రం అక్కడ పెట్టకండి. అక్కడ ఇచ్చిన ఫైళ్లు సెక్యూరిటీ కంపెనీలకు అందుబాటులో ఉంటాయి.

రిజల్ట్‌లో అందరూ చూసేది పైనున్న అంకె. 70లో 5 అంటే కంగారు, సున్నా అంటే సంబరం. ఆ అంకె కన్నా కింది జాబితా ఎక్కువ చెబుతుంది. ఒకే పేరు నాలుగైదు చోట్ల అక్షరం తేడా లేకుండా కనిపించిందా? బిట్‌డిఫెండర్ ఇంజిన్‌ను జీ డేటా, ఎమ్సిసాఫ్ట్ వంటి కంపెనీలు తమ ఉత్పత్తుల్లో వాడుకుంటాయి. కాబట్టి ఆ నాలుగు ఓట్లు నిజానికి ఒకే ఓటు కావచ్చు. అదే మైక్రోసాఫ్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్, బిట్‌డిఫెండర్ లాంటి వేర్వేరు ఇంజిన్లు వేర్వేరు మాటల్లో ఒకే రకం చెడు చెబుతుంటే, అంకె చిన్నదైనా నమ్మండి. ఎవరికీ పెద్దగా తెలియని ఒకటి రెండు ఇంజిన్లు మాత్రమే 'సస్పీషియస్' అంటే అది పొరపాటయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత 'డీటెయిల్స్' ట్యాబ్‌లో ఆ ఫైల్‌ను మొదటిసారి ఎప్పుడు ఇచ్చారో చూడండి. రెండేళ్లుగా ఉన్న ఫైల్‌కు సున్నా వస్తే దానికి విలువుంది. ఈరోజు పొద్దున్నే మొదటిసారి కనబడిన ఫైల్‌కు సున్నా అంటే ఇంకా ఎవరికీ పట్టుబడలేదని కూడా కావచ్చు. పాత రిజల్ట్ అయితే రీఎనలైజ్ నొక్కి కొత్తగా చూడండి.

ఒక రకం ఫైల్ ఇక్కడ కూడా తప్పించుకుంటుంది: పాస్‌వర్డ్ పెట్టిన జిప్. లోపల ఏముందో యాంటీవైరస్‌కు కనిపించదు. పాస్‌వర్డ్ పక్కనే రాసిచ్చి, 'ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి' అని కూడా రాసి ఉంటే, ఆ రెండు వాక్యాలే మీకు కావాల్సిన సాక్ష్యం. ఫైల్‌ను తెరవను కూడా తెరవకండి.

పొరపాటు హెచ్చరికే అని తేలితే

యాంటీవైరస్‌లు పొరబడతాయి, ఒక్కోసారి ఘోరంగానూ పొరబడతాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే సిస్టమ్ ఫైల్‌నే వైరస్‌గా పట్టుకుంది. ఎన్నో కంప్యూటర్లు పదే పదే రీస్టార్ట్ అవుతూ పనికిరాకుండా పోయాయి. కాబట్టి సైటు అసలుదే, హ్యాష్ కలిసింది, సంతకం బాగుంది, అంచనా రకం పేరుతో ఒకటి రెండు ఇంజిన్లే అడ్డు చెబుతున్నాయి అన్నప్పుడు పొరపాటే అనుకోవచ్చు.

అప్పుడు కూడా వెంటనే 'అలవ్' నొక్కే బదులు, తొందర లేకపోతే ఒకటి రెండు రోజులు ఆగమంటాను. యాంటీవైరస్ డెఫినిషన్లు (వైరస్‌లను గుర్తుపట్టే జాబితాలు) రోజూ అప్‌డేట్ అవుతాయి, ఇలాంటి పొరపాట్లు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. ఈలోగా ఫైల్‌ను యాంటీవైరస్ కంపెనీకి పంపండి. మైక్రోసాఫ్ట్‌తో సహా దాదాపు అందరికీ అందుకోసం ఒక పేజీ ఉంటుంది. ప్రోగ్రామ్ రాసినవాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. సొంత డబ్బుతో ఉచిత టూల్ నడిపేవాళ్లకు ఈ పొరపాటు హెచ్చరికలు నిజంగా పెద్ద తలనొప్పి. మీ రిపోర్ట్ వాళ్లకు చాలా సాయం.

ఆగలేకపోతే ఆ ఒక్క ఫైల్‌నే అలవ్ చేయండి. ఫోల్డర్ మొత్తాన్ని వద్దు, యాంటీవైరస్ ఆపేయడం అసలే వద్దు. విండోస్ ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లు మిగతా కంప్యూటర్‌తో సంబంధం లేకుండా విడిగా నడిచే విండోస్ శాండ్‌బాక్స్‌లో ముందు నడిపి చూడొచ్చు. మూసేయగానే అందులోదంతా చెరిగిపోతుంది. హోమ్ ఎడిషన్‌లో అది లేదు. అయితే శాండ్‌బాక్స్‌లో ఉన్నానని పసిగట్టి నోరు మూసుకునే వైరస్‌లూ ఉన్నాయి, కాబట్టి అక్కడ బుద్ధిగా నడిచిందని పూర్తిగా నమ్మేయకండి. ఇంత చేశాక కూడా మనసు ఒప్పుకోకపోతే అదే పని చేసే వేరే ప్రోగ్రామ్ చూసుకోండి. దాదాపు ప్రతి పనికీ ఇంకోటి ఉంటుంది.

ఇప్పటికే తెరిచేసి ఉంటే

హెచ్చరిక రాకముందో, అలవ్ నొక్కేశాకో ఫైల్‌ను నడిపేసి, ఇప్పుడు అనుమానం వస్తోందా? ముందు నెట్ తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలుకాకముందే స్కాన్ చేస్తుంది. సుమారు పావుగంట పడుతుంది.

స్కాన్ నడుస్తుండగానే వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో పాస్‌వర్డ్‌లు మార్చడం మొదలుపెట్టండి. అనుమానం ఉన్న కంప్యూటర్ మీద మారిస్తే కొత్తవి కూడా వాళ్లకే వెళ్తాయి. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. బ్రౌజర్‌లో సేవ్ చేసినవన్నీ పోయాయనే అనుకోవాలి. పాస్‌వర్డ్ మార్చాక ప్రతి అకౌంట్ సెట్టింగ్‌లలో 'అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్' అనే ఆప్షన్ వెతికి నొక్కండి. ఈ దొంగ ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌తో పాటు లాగిన్ కుకీలు కూడా ఎత్తుకెళ్తాయి. కుకీ చేతిలో ఉన్నవాడికి పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ అక్కర్లేదు. మీరు సైన్ అవుట్ చేసేదాకా వాడు లోపలే ఉండొచ్చు.